తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ: ఏ పార్టు ముందు, ఏది తర్వాత, ఎక్కడ తగ్గకూడదు

"ఈ బడ్జెట్‌కి ఏ ప్రాసెసర్ మంచిది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. కానీ మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు. ప్రాసెసర్‌తో మొదలుపెడితే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి డబ్బులు అయిపోతాయి. మిగిలినదాంతో ఏదో ఒక కార్డుతో సరిపెట్టుకోవాలి. గేమ్ నడిచేది ఎక్కువగా ఆ కార్డు మీదే.

అందుకే ఇక్కడ వరుస వేరు. ముందు గేమ్‌లు, మానిటర్. తర్వాత గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డుకు తగ్గ ప్రాసెసర్. మిగతావన్నీ వాటి వెనకే. పవర్ సప్లై డబ్బు మాత్రం మొదటి రోజే పక్కన పెట్టేయాలి.

పార్టులు బిగించడం గురించి ఇందులో చెప్పడం లేదు. ఏవి కొనాలో తేల్చుకోవడం, కొన్నాక సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం వరకే.

1. ముందు కాగితం మీద రాసుకోండి

- ఎక్కువగా ఆడే గేమ్‌లు ఓ ఐదు. వచ్చే ఏడాది ఆడాలనుకునేవి ఓ రెండు.
- మానిటర్ రిజల్యూషన్ (స్క్రీన్ మీద ఎన్ని పిక్సెళ్లో), రిఫ్రెష్ రేట్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో, హెర్ట్జ్‌లలో). ఇంకా కొనకపోతే, కొనబోయేదాని వివరాలు.
- గేమ్‌లు కాకుండా ఉన్న పనులు: వీడియో ఎడిటింగ్, స్ట్రీమింగ్, కోడింగ్.
- బడ్జెట్‌లో మానిటర్, కీబోర్డు, మౌస్, విండోస్ లైసెన్స్ కూడా ఉన్నాయా, లేక డబ్బాకి మాత్రమేనా?
- పాత పీసీ నుంచి పనికొచ్చేవి: ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు, గేమ్‌లు దాచే వేగమైన డ్రైవు), క్యాబినెట్, ఫ్యాన్లు.
- నెట్ కేబుల్ ద్వారానా, వైఫై ద్వారానా?

రిజల్యూషన్ ఎందుకంత ముఖ్యమంటే, 1080పీ (1920×1080) స్క్రీన్ మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పీ (2560×1440) అయితే సుమారు 36.9 లక్షలు. ప్రతి ఫ్రేముకీ (స్క్రీన్ మీద వచ్చే ఒక్కో బొమ్మకీ) గ్రాఫిక్స్ కార్డు గీయాల్సింది దాదాపు 1.8 రెట్లు అవుతుంది. మానిటర్ మీద ఒక మెట్టు పైకి వెళితే కార్డు మీద కూడా ఒక మెట్టు ఎక్కాల్సిందే. బడ్జెట్ బిగుతుగా ఉంటే 1080పీ, 144 హెర్ట్జ్ దగ్గర ఆగడం మంచిది.

గేమ్‌ల జాబితా చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ గేమ్‌లలో ఫ్రేమ్‌రేటు (సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య) ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద కథాగేమ్‌లు గ్రాఫిక్స్ కార్డును పిండేస్తాయి. రెండు రకాలూ ఆడేవాళ్లు బరువైన గేమ్‌ను లెక్కలోకి తీసుకోవాలి.

2. డబ్బు పంపకం

మానిటర్ కాకుండా పీసీకి ఉన్న మొత్తంలో గ్రాఫిక్స్ కార్డుకు 35 నుంచి 45 శాతం. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ మూడూ కలిపి మూడో వంతు. మిగిలింది ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్‌కు.

ఇది అంచనా మాత్రమే. ర్యామ్ ధరలు పెరిగినప్పుడల్లా ఈ లెక్క తారుమారవుతుంది. అలాంటప్పుడు కార్డు మీద కోయకండి, ప్లాట్‌ఫాం (ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిసిన జట్టు) మీద ఒక తరం వెనక్కి వెళ్లండి.

వెంటనే తగ్గించుకోగలిగినవి కొన్నున్నాయి. ఆర్‌జీబీ లైట్లు, గాజు పలకల క్యాబినెట్, లిక్విడ్ కూలర్, ఖరీదైన మదర్‌బోర్డు. వీటిలో ఏదీ గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా పెంచదు.

3. గ్రాఫిక్స్ కార్డు

వీడియో మెమరీ. కొత్త కార్డు కొంటుంటే 8 జీబీ కంటే తక్కువ వద్దు. 1080పీకి 8 జీబీ ఇప్పటికీ నడుస్తుంది, అయితే కొత్త పెద్ద గేమ్‌లలో టెక్స్‌చర్స్ (గోడలు, వస్తువుల మీద కనిపించే బొమ్మల నాణ్యత) ఒక మెట్టు దించాల్సి వస్తుంది. 1440పీ అయితే 12 లేదా 16 జీబీ చూడండి.

మెమరీ చాలకపోతే సగటు ఫ్రేమ్‌రేటు చూసి పట్టుకోవడం కష్టం. అంకె బాగానే ఉంటుంది. పాత్రను గిర్రున తిప్పినప్పుడు మాత్రం ఒక్క క్షణం పట్టేసినట్టు ఆగుతుంది, గోడల మీద బొమ్మలు ముందు మసగ్గా కనబడి తర్వాత తేరుకుంటాయి. అందుకే రివ్యూల్లో సగటు కాకుండా '1% low' అనే అంకె చూడండి, అది బాగా నెమ్మదించిన క్షణాల్లో ఉండే ఫ్రేమ్‌రేటు. రెండు కార్డుల సగటు దగ్గరదగ్గరగా ఉంటే, ఆ అంకె ఎక్కువున్నదే కొనండి.

పేరు ఒకటే, సరుకు వేరు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీ కార్డూ ఉంది, 6 జీబీ కార్డూ ఉంది. రెండోదానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా 2560 నుంచి 2304కి, మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) 128 బిట్ల నుంచి 96 బిట్లకి తగ్గాయి. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకానికి 192 బిట్ల బస్, 8 జీబీ రకానికి 128 బిట్లు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8, 16 జీబీ రకాల్లో వస్తాయి. బెంచ్‌మార్క్ వీడియోలో చూసింది ఒకటి, కార్ట్‌లో పెట్టింది ఇంకొకటి కాకుండా చూసుకోండి.

లేన్లు. అంటే కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 లాంటివి స్లాట్‌లో 16 లేన్లకు బదులు 8 మాత్రమే వాడతాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డు స్లాట్ ప్రమాణం) 3.0 ఉన్న పాత బోర్డులో కూడా వీటికి మామూలుగా పెద్ద నష్టం ఉండదు. మెమరీ నిండినప్పుడే దెబ్బ తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ సంగతి వేరు: 4 జీబీ మెమరీ, 4 లేన్లు. పాత బోర్డులో పెడితే రెండు వైపులా దెబ్బే. చవగ్గా దొరికినా వదిలేయండి.

రే ట్రేసింగ్ (వెలుగు, నీడలు నిజంలా లెక్కగట్టే పద్ధతి) లేకుండా గడుస్తుందా? గడిచే రోజులు తగ్గిపోతున్నాయి. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ కార్డులో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండాలని అడుగుతాయి. జీటీఎక్స్ 1660, ఆర్‌ఎక్స్ 580 లాంటి పాత కార్డుల్లో అది లేదు. పోటీ గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన విషయం కాదు.

ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది, కాగితం మీద చాలా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ దానికి మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీని మొత్తంగా వాడుకోనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి ఉండాలి, ప్రాసెసర్ కూడా మరీ పాతది కాకూడదు. పాత పీసీలో కార్డు ఒక్కటే మార్చాలనుకునేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

ఇక ఫ్రేమ్ జనరేషన్, అంటే అసలు ఫ్రేముల మధ్య కార్డు అదనపు ఫ్రేములు కల్పించి చొప్పించడం. బాక్సు మీద రాసే పెద్ద పెద్ద అంకెలు చాలావరకు దీనితో కలిపి చెప్పినవే. అసలు ఫ్రేమ్‌రేటు 60 దగ్గర ఉన్నప్పుడే అది చూడ్డానికి, ఆడ్డానికి బాగుంటుంది. 30ని 60గా చూపించినా మౌస్ కదిపితే చేతికి 30లాగే తగులుతుంది. కార్డులు పోల్చేటప్పుడు అది ఆఫ్ చేసి తీసిన అంకెలే చూడండి.

4. ప్రాసెసర్, దాంతోపాటు ప్లాట్‌ఫాం

ప్రాసెసర్‌ను విడిగా బేరం చేయకండి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటి ధర కూడి పోల్చండి. చవకైన ప్రాసెసర్ ఖరీదైన బోర్డు అడిగితే మిగిలేదేమీ ఉండదు.

6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఇప్పుడు మంచి మధ్యమార్గం. 4 కోర్ల ఐ3-12100ఎఫ్ పోటీ గేమ్‌లకు పర్వాలేదు. వెనకాల బ్రౌజరు, వాయిస్ చాట్ నడుస్తుంటే మాత్రం కొత్త గేమ్‌లలో కుదుపులు వస్తాయి.

మూడు దారులున్నాయి.

ఏఎం4: ఏఎండీ వారి 2016 నాటి సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), డీడీఆర్4 ర్యామ్. రైజెన్ 5 5600 ఇప్పటికీ 1080పీకి సరిపోతుంది. పక్కనే కనిపించే రైజెన్ 5 5500 దానికి చిన్న తమ్ముడు కాదు, వేరే చిప్. 5600కి 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉంటే దీనికి 16 మాత్రమే, పైగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 దగ్గరే ఆగిపోతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే 5600 తీసుకోండి.

ఎల్‌జీఏ 1700: ఇంటెల్ సాకెట్, ఐ5-12400ఎఫ్ లాంటివి. కొన్ని బోర్డులు డీడీఆర్4కి, కొన్ని డీడీఆర్5కి. రెండు ర్యామ్‌ల గాడి ఒకే చోట ఉండదు కాబట్టి ఒకటి కొని ఇంకోదానిలో పెట్టడం కుదరదు. బోర్డు పేరు చివర డీ4 అని ఉందేమో చూడండి.

ఏఎం5: 2022లో వచ్చింది, డీడీఆర్5 మాత్రమే. మొదట్లో ఖర్చు ఎక్కువ, కానీ తర్వాత బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ మార్చుకోవచ్చు. కనీసం 2027 దాకా ఈ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. మొదటి రెండు దారుల్లో ఇకపై కొత్త తరం ప్రాసెసర్లు రావు.

నా మొగ్గు ఎటంటే, మూడేళ్ల దాకా పీసీని ముట్టుకోనివాళ్లకు ఏఎం4. ఏడాదికో పార్టు మార్చుకుంటూ పోయేవాళ్లకు ఏఎం5.

పేరు చివరి అక్షరాలు కూడా చదవాలి. 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు చెడిపోయిన రోజు స్క్రీన్ మీద ఏమీ రాదు. రైజెన్ పేర్లలో 'జీ' ఉంటే లోపలి గ్రాఫిక్స్ బలంగా ఉంటాయి, కానీ కొన్నిటిలో బయటి కార్డుకిచ్చే లేన్లలో కోత పడుతుంది. 8600జీ 8 లేన్లే ఇస్తుంది, 8500జీ అయితే 4. ఇప్పటికి కార్డు లేకుండా గడిపి, తర్వాత కొందామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

5. మదర్‌బోర్డు

ఇక్కడ ఎక్కువసేపు ఆలోచించక్కర్లేదు. చిప్‌సెట్ (బోర్డు రకాన్ని చెప్పే పేరు) చూస్తే, ఏఎం4కి బీ550, ఏఎం5కి బీ650, ఎల్‌జీఏ 1700కి బీ660 లేదా బీ760 చాలు. ఏఎం4కే వచ్చే ఏ520లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 మాత్రమే ఉంటుంది. ఎల్‌జీఏ 1700కి వచ్చే హెచ్610 బోర్డుల్లో ర్యామ్ స్లాట్లు రెండే, ఎం.2 స్లాట్ (సన్నని ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) కూడా సాధారణంగా ఒక్కటే.

చూడాల్సినవి:

- ప్రాసెసర్ పక్కన ఉండే వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద వేడి తగ్గించే హీట్‌సింక్ ఉందా?
- ర్యామ్ స్లాట్లు నాలుగా, రెండా?
- వైఫై కావాలంటే బోర్డులోనే ఉందా?
- మీ ప్రాసెసర్ బోర్డు వెబ్‌సైట్ జాబితాలో ఉందా, ఏ బయోస్ (పీసీ ఆన్ అవగానే ముందు నడిచే, బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి?

ఆఖరుది మర్చిపోతే పీసీ ఆన్ అవుతుంది, స్క్రీన్ మాత్రం రాదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చగలిగే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ఆ టెన్షన్ ఉండదు.

6. ర్యామ్

16 జీబీ కనీసం. కుదిరితే 32. అంతకంటే ముఖ్యమైనది ఒకటే పెద్ద స్టిక్ కాకుండా రెండు తీసుకోవడం: 8+8 లేదా 16+16. ఒక్క స్టిక్ అయితే మెమరీ సగం దారిలోనే నడుస్తుంది. ఆ దెబ్బ ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్‌లలో బాగా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా 'జీ' ప్రాసెసర్ మీద ఆడేవాళ్లకైతే మరీను.

వేగం (సీఎల్ అంటే స్పందనకు పట్టే ఆలస్యం, తక్కువైతే మేలు): డీడీఆర్4కి 3200 సీఎల్16 లేదా 3600 సీఎల్18. ఏఎం5 మీద డీడీఆర్5కి 6000 సీఎల్30 దొరికితే మంచిది, 5600 వేగమున్న ర్యామ్ అయినా నష్టం కొద్దిగానే.

నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి. పక్కపక్కన పెడితే చూడ్డానికి కుదురుగా ఉంటుంది, డ్యూయల్ చానల్ (రెండు స్టిక్‌లు రెండు దారుల్లో కలిసి పనిచేయడం) మాత్రం పనిచేయదు.

7. స్టోరేజ్

1 టీబీ ఎన్‌వీఎంఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నడిచే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ ఒక్కటి చాలు. పెద్ద గేమ్‌లు ఒక్కొక్కటి 100 జీబీ దాటుతున్నాయి కాబట్టి 500 జీబీ త్వరగా నిండిపోతుంది. సాటా (పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళ్తుంది. అయినా గేమ్ లోడ్ అవడంలో తేడా ఆ అంకెలంత ఉండదు. 4.0, 5.0 కోసం అదనంగా ఇవ్వక్కర్లేదు.

ఎం.2 ఆకారంలోనే సాటా డ్రైవులు కూడా వస్తాయి, కాబట్టి వివరాల్లో ఎన్‌వీఎంఈ అని ఉందో లేదో చదవండి. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ (ఎస్‌ఎస్‌డీలోని మెమరీ చిప్ రకాలు) రెండూ ఒకే ధరకు దొరికితే టీఎల్‌సీ తీసుకోండి.

8. పవర్ సప్లై: ఇక్కడ మాత్రం తగ్గొద్దు

ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే ఈ డబ్బాని చాలామంది చివర్లో, మిగిలిన చిల్లరతో కొంటారు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదైతే అసలు వాడొద్దు.

లెక్క ఇలా వేయండి. రైజెన్ 5 5600కి గరిష్ఠంగా 90 వాట్ల లోపు, ఆర్‌ఎక్స్ 6600కి 132 వాట్లు, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి ఓ 60. మొత్తం 280 చుట్టూ. కార్డు క్షణకాలం పాటు రాసినదానికంటే ఎక్కువ లాగుతుంది కాబట్టి 550 వాట్లు హాయిగా సరిపోతుంది. తర్వాత పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650.

పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు చూసి మోసపోవద్దు. పక్క లేబుల్ మీద +12 వోల్టుల వరుస ఉంటుంది. అక్కడ 45 ఆంపియర్లు అని ఉంటే 12 × 45 = 540 వాట్లు. 550 వాట్ల డబ్బాకి అది సరైన అంకె. అదే 550 వాట్ల డబ్బా మీద 12 వోల్టులకు 30 ఆంపియర్లే ఉంటే నిజంగా పనికొచ్చేది 360 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేవి మాత్రమే, లోపలి నాణ్యతకు హామీ కాదు. దానికంటే ఐదేళ్లో అంతకంటే ఎక్కువో వారంటీ ఉందా, విప్పి పరీక్షించిన రివ్యూలున్నాయా అన్నది చూడండి.

కనెక్టర్లు సరిచూసుకోండి:

- 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. స్లాట్ నుంచి ఇంకో 75.
- ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నులది 4+4గా విడిపోతుంది, కార్డుకు వెళ్లేది 6+2గా. రెండూ ఒకటి కావు.
- సాటా నుంచి 8 పిన్నులకు మార్చే అడాప్టర్లు వాడొద్దు. కాలిపోతాయి.
- మాడ్యులర్ కేబుళ్లు (పవర్ సప్లై నుంచి ఊడదీయగలిగేవి) ఒక కంపెనీవి ఇంకో కంపెనీ డబ్బాకి పెట్టొద్దు. ప్లగ్గు సరిపోయినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండి పార్టులు కాలిపోవచ్చు.

9. క్యాబినెట్, కూలర్

ముందువైపు మెష్ ఉన్నది, కనీసం రెండు ఫ్యాన్లతో వచ్చేది. ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి. మూడు కొలతలు సరిపోవాలి: గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు, బోర్డు సైజు. రైజెన్ 5 5600తో బాక్సులో వచ్చే కూలర్ పని చేస్తుంది, కాస్త చప్పుడు తప్ప. రైజెన్ 5 7600ఎక్స్ లాంటి కొన్నిటితో కూలర్ రాదు.

10. సెకండ్ హ్యాండ్‌లో ఏవి కొనొచ్చు?

ప్రాసెసర్, ర్యామ్ ధైర్యంగా కొనొచ్చు. ఏఎం4 ప్రాసెసర్‌కి పిన్నులు కింద ఉంటాయి, ఏటవాలుగా పట్టుకుని వెలుతురులో వరుసలు చూడండి. ఒక్కటి వంగినా గీత తప్పినట్టు కనిపిస్తుంది. ఎల్‌జీఏ 1700, ఏఎం5లలో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, అక్కడ చూడాలి.

గ్రాఫిక్స్ కార్డు అయితే మీ కళ్ల ముందు కనీసం 15 నిమిషాలు బరువైన గేమ్ నడిపించి చూడాలి. స్క్రీన్ మీద రంగుచుక్కలు, గీతలు, ఫ్యాన్ గరగర ఉంటే వద్దు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్‌లో కార్డు పేరు, మెమరీ, బస్ వెడల్పు అమ్మేవాళ్లు చెప్పినదానితో సరిపోవాలి. పవర్ సప్లై మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు.

మరీ పాత ప్రాసెసర్‌తో ఇంకో తంటా ఉంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 వరుస నుంచే. వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ అడుగుతుంది.

11. రెండు నమూనాలు

1080పీకి పొదుపైనది: రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 8+8 జీబీ డీడీఆర్4 3200, ఆర్‌ఎక్స్ 6600, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 550 వాట్లు.

1440పీకి, తర్వాత పెంచుకునేలా: రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 16+16 జీబీ డీడీఆర్5 6000, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 650 వాట్లు.

డబ్బు రెండింటికీ మధ్యలో ఉంటే మొదటి నమూనాలో కార్డు ఒక్కటి పెంచండి. రెండోదాంట్లో కార్డు తగ్గించడం కంటే అదే మేలు. 'బాటిల్‌నెక్ శాతం' (ఒక పార్టు ఇంకోదాన్ని ఎంత వెనక్కి లాగుతుందో) చూపించే వెబ్‌సైట్లను నమ్మొద్దు. గేమ్ మారితే, సెట్టింగ్ మారితే ఆ శాతం మారిపోతుంది.

12. ఆర్డర్ పెట్టే ముందు

- ప్రాసెసర్, బోర్డు ఒకే సాకెట్
- ర్యామ్ రకం బోర్డుకు సరిపడింది
- కార్డు మెమరీ ఎంతో పేరు పక్కన చూశారు
- కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుంది
- పవర్ సప్లైలో కార్డు అడిగే కనెక్టర్లున్నాయి
- కూలర్ బాక్సులో ఉంది, లేదా విడిగా కొంటున్నారు
- అన్నిటికీ వెనక్కిచ్చే గడువు, వారంటీ రాసి పెట్టుకున్నారు

పార్టులన్నీ దగ్గర దగ్గర రోజుల్లోనే తెప్పించుకోండి. ఒకటి నెల ముందే వచ్చి బాక్సులో కూర్చుంటే, అది చెడిందని తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

13. మొదటి వారంలో కనిపించే సమస్యలు, సరిచేసే తీరు

స్క్రీన్ రావడం లేదు: మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా? తర్వాత ర్యామ్ తీసి, టక్కుమనేదాకా నొక్కి మళ్లీ పెట్టండి. డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకండి.

ర్యామ్ వేగం తక్కువ చూపిస్తోంది: టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. 3200 కొంటే 2133 లేదా 2400, డీడీఆర్5 6000 కొంటే 4800 కనిపిస్తే, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను రాసిన వేగంతో నడిపించే సెట్టింగ్) ఆన్ చేయలేదన్నమాట.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా కదలిక సాఫీగా లేదు: విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 దగ్గరే ఉండిపోయి ఉంటుంది. చేత్తో మార్చాలి.

ఫ్రేమ్‌లు రావడం లేదు, తప్పు కార్డుదా ప్రాసెసర్‌దా: గేమ్ రిజల్యూషన్ ఒక మెట్టు దించి చూడండి. ఫ్రేమ్‌రేటు పెరిగితే అడ్డు కార్డు దగ్గరుంది. కదలకపోతే ప్రాసెసర్ లేదా ర్యామ్. ప్రాసెసర్ వాడకం 40 శాతమే కదా అనుకోకండి, అది అన్ని కోర్ల సగటు. ఒక్క కోర్ నిండిపోయినా గేమ్ అక్కడే ఆగుతుంది.

గేమ్ ఆడేటప్పుడే పీసీ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది: ముందు అనుమానించాల్సింది పవర్ సప్లైని. కార్డు కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో వేడి చూడండి. వేడి మామూలుగానే ఉండి, ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినా ఇదే జరుగుతుంటే, గడువు ఉండగానే పవర్ సప్లై మార్పించుకోండి.